ఎత్తు బూటు

“తుర్రు బూటును మీరే కాపీ కొట్టిండ్రు!” అన్నాడు హేమచంద్.

“మీ బాపే మా మొండన్న బూటు జూసి కొట్టిండు!” అంది వినోద.

దూలపల్లిలో హేమచంద్ ఆఫీసు. కొత్త వీడియో గేము విడుదలకు ఇంకా గంటే ఉంది.

తుర్రు అంటే ఉడత, హేమచంద్ కంపెనీ గేముల హీరో. మొండన్న అంటే ముంగిస, వినోద కంపెనీ హీరో. ఇద్దరిలో ఎవరు గొప్ప అని పాతికేళ్లుగా పిల్లలు రెండు పార్టీలై జుట్లు పట్టుకుంటున్నారు. ఇన్నాళ్లకు ఆ ఇద్దరూ ఒకే ఆటల పోటీలో, ఒకే ట్రాక్ మీద పరుగెత్తబోతున్నారు.

చిక్కంతా ఎడమ బూటు దగ్గర వచ్చింది. ఇద్దరికీ ఎడమ బూటు అడుగు నాలుగు వేళ్ల మందం ఎక్కువ. ఎవరిని చూసి ఎవరు వేశారో ఎంతకీ తేలలేదు. చివరికి చిన్నపిల్లల పంచాయితీలాగే తెగింది. నువ్వు తీస్తే నేనూ తీస్తా అనుకుని రెండు బూట్లూ చదును చేసేశారు. పోస్టర్లు కూడా అలాగే వేశారు.

కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

అప్పుడు తలుపు తోసుకుని ఒక ముసలాయన వచ్చాడు. చంకలో కాగితపు చుట్ట. చొక్కా మీద ఎన్నటివో రంగు మరకలు.

“ఏం గావాలె పెద్దాయినా?” అన్నాడు హేమచంద్.

“నన్ను గండయ్య అంటరు సారు. మేడ్చల్ బస్టాండు కాడ పోస్టర్ జూసిన. బూటు ఎత్తు దీసేసిండ్రు. ముందటి లెక్కనే ఉంచుండ్రి సారు.”

“గా బూటుతోని నీకేంది?”

“గా బొమ్మలు గీసింది...”

“మా బాపు!” హేమచంద్ గోడ మీద దండ వేసిన ఫొటో చూపించాడు. “మేడ్చల్‌ల గేముల దుకాణం పెట్టినప్పుడు షట్టర్ మీద తుర్రును సొంత చేతులతోని గీసిండు.”

“మొండన్నను మా నాయిన గీసిండు, శామీర్‌పేట దుకాణం మీద,” వినోద ఊరుకోలేదు. “పానం పోయేటప్పుడు గూడ గదే చెప్పుకుంట పోయిండు.”

గండయ్య ఫొటో వంక చూశాడు. తడి మెరుస్తున్న వినోద కళ్ల వంక చూశాడు. చంకలోని చుట్టను ఇంకాస్త దగ్గరికి నొక్కుకున్నాడు.

“అవునమ్మా. మీ పెద్దలు మస్తుగ గీసిండ్రు,” అన్నాడు. “గా బూటు ఒక్కటి ఉంచుండ్రి. మా బిడ్డకు గదంటే పానం.”

“గిట్ల అడిగేటోళ్లు వేలమంది ఉన్నరు పెద్దాయినా. అందరి మాట ఇనుకుంట గూసుంటే ఆట ఎప్పుడు బయటికొస్తది? టైమ్ అయితాంది, ఇగ పోయి రా.”

ముసలాయన దండం పెట్టి వెళ్లిపోయాడు. కూర్చోమని అనడానికి కూడా ఇద్దరికీ తీరిక లేదు.

వినోద కిటికీలోంచి చూసింది. గేటు బయట ఆటోలోంచి ఒకామె దిగి తండ్రికి చేయి అందించింది. ఆమె ఎడమ చెప్పు అడుగు నాలుగు వేళ్ల మందం ఉంది.

“పాపం, ఒక కాలు పొట్టిగున్నది. గందుకే అడిగినట్టున్నడు,” అంది.

“అయ్యో,” అన్నాడు హేమచంద్, గడియారం చూసుకుంటూ.

ఆటో మలుపు తిరిగింది. కాసేపటికి హేమచంద్ బటన్ నొక్కాడు. ఆట జనంలోకి వెళ్లిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు, స్వీట్ల డబ్బా తెరిచారు.

వాచ్‌మన్ లోపలికి వచ్చాడు. చేతిలో ఆ కాగితపు చుట్ట.

“సార్, గా ముసలాయిన దీన్ని చెత్తబండిల ఎయ్యమన్నడు. ఎవ్వలకు సూపియ్యకు, జవహర్‌నగర్ చెత్తగుట్టల గల్వనియ్యి అన్నడు. బొమ్మ మంచిగున్నది, నాకైతె మనసొప్పలే. ఇంటికి తీస్కపోనా?”

హేమచంద్ చుట్ట విప్పాడు.

కాగితం నిండా సూది చిల్లులు. వెనకటి పెయింటర్లు ఇలాంటి కాగితాన్నే గోడకు ఆనించి, పైన రంగుపొడి అద్ది బొమ్మ దించేవారు. అందులో ఉన్నది ఒకే ఒళ్లు, ఒకే పరుగు, ఒకే ఎత్తు బూటు. తల, తోక మాత్రం విడి ముక్కలు. అవి రెండు జతలున్నాయి. ఒక జత ఉడతది, ఇంకో జత ముంగిసది.

హేమచంద్ స్వీట్ల డబ్బా మూసేశాడు.

“మనోళ్ల మాట అబద్ధం గావద్దని చెప్పకుంటనే పోయిండు,” అంది వినోద. ఫొటోలోని బాపు వైపు చూడటానికి హేమచంద్‌కు సిగ్గేసింది.

కాగితం అడుగున, బూటు పక్కనే, పాతికేళ్ల నాటి పెన్సిల్ రాత సగం చెరిగి ఉంది: “మా బిడ్డ సరళ ఉరికితే గిట్లనే ఉంటది.”