నాడి దౌడు

“ఇవాళ కూడా దౌడు తీస్తోంది,” అన్నాడు లోవెల్, వెర్నా మణికట్టు వదలకుండా.

“అయితే రేపటి రైలు?”

“రైలా! ఈ రక్తవేగంతో, ఆ కుదుపుల్లో సెయింట్ లూయిస్ దాకానా? నేను ఒప్పుకోను.”

“మీరు ఒప్పుకోకపోతే ఎలా వెళ్తానండీ,” అని నిట్టూర్చింది వెర్నా.

లోవెల్ ప్రూయిట్ మిస్సోరీలోని ఆ చిన్న ఊళ్ళో ఆస్టియోపతీ చదివి, పట్టా చేతికొచ్చిన వసంతంలోనే బోర్డు కట్టాడు. మందుసీసా ముట్టడు. ఎముక పక్కకు జరిగితే రక్తానికి దారి మూసుకుంటుంది. దారి తీసిపెడితే ఆ రక్తమే వైద్యం చేసుకుంటుంది. వాళ్ళ బడి నేర్పింది ఇదే.

పిన్ని ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన వెర్నా, తలనొప్పి అంటూ అతని గడప తొక్కింది. మెడ సరిచేస్తే నొప్పి ఒక్క పూటలో పోయింది గాని, నాడి మాత్రం అతను పట్టుకున్నప్పుడల్లా గుర్రమైపోయేది. పక్కటెముకలు సర్దాడు. ఒంట్లో నీరు కదలక నిలిచిందేమోనని భుజాల దగ్గర నెమ్మదిగా నొక్కాడు. ఏం చేసినా అంతే. ఈ పిల్ల తన చేతిలో పోతుందేమోనని అతనికి అన్నం సయించడం మానేసింది.

చివరికి అభిమానం చంపుకుని, తనకు పాఠం చెప్పిన డాక్టర్ ఆర్ఫా టటిల్‌ని పిలుచుకొచ్చాడు.

“ఆవిడెందుకండీ? మీరు చూస్తున్నారుగా!” వెర్నా మొహం ముడుచుకుంది.

ఆర్ఫా ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. “నిక్షేపంలా ఉంది. గోడగడియారం కూడా ఇంత బుద్ధిగా కొట్టుకోదు.”

“అలా ఎలా?” లోవెల్ గబుక్కున వెర్నా మణికట్టు అందుకున్నాడు. “అదుగో, దౌడు!”

“ఏదీ, నాది చూడు.”

చూశాడు. మొహం పాలిపోయింది. “అమ్మో! మీదీ అంతేనండీ! ముందు కూర్చోండి!”

ముసలావిడ కూర్చోలేదు. తన చేతిమీద అతను ఆనించిన వేలికేసి చూసి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

“బొటనవేలితో పట్టుకున్నావేంట్రా నాయనా! దాన్లోనూ నాడి కొట్టుకుంటుంది. ఇన్నాళ్ళూ నువ్వు చూసింది నీ గుండెనే. అదెందుకు దౌడు తీస్తోందో ఇక నువ్వే తేల్చుకో,” అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయింది.

లోవెల్ చెవులు కందగడ్డలయ్యాయి.

“క్షమించండి. మీకు ఏ జబ్బూ లేదు. అనవసరంగా ఆపేశాను. రేపే వెళ్ళిపోవచ్చు. అక్కడ మీకోసం ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు.”

“చూస్తుంటారు, వార్డు వార్డంతా,” అంటూ వెర్నా చెయ్యి మళ్ళీ అతని ముందుకు చాపింది. “పర్లేదు, బొటనవేలే పెట్టండి.”

“వార్డేమిటి?”

“నేను నర్సునండీ. రోజూ వార్డందరి నాడీ చూసేదాన్నే.”