కలుగు తలుపు మాట

ఈ కథ మొదట చెప్పింది మా మేనత్త తాయారమ్మ.

ఎలుకల కలుగు తలుపు తెరవాలంటే "వడియాలు" అనాలి. ఆ గుట్టు పిల్లికి తెలిస్తే ఒక్క పూటలో వంశం సఫా అని, రోజూ మాట మార్చమని ముసలి పందికొక్కు పోరు పెట్టింది.

"పిల్లి వచ్చింది తాతల కాలంలో ఒక్కసారి. రోజుకో మాట ఎవడు గుర్తుపెట్టుకుంటాడు, పెద్దయ్యా?" అన్నాయి ఎలుకలు. మాట దాచే బాధ్యత కలుగు పక్క చెట్టు మీది చిలకకు అప్పగించి హాయిగా పడుకున్నాయి.

ఎక్కడ మరిచిపోతానో అని చిలక పొద్దంతా కొమ్మ మీద "వడియాలు, వడియాలు" అని వల్లెవేసింది.

పిల్లి వచ్చి "వడియాలు" అంది. కాపలా ఎలుక గడియ తీసింది.

"ఒరే, అది పిల్లిరా," అంది పందికొక్కు.

"అయితేనేం పెద్దయ్యా, మాట సరిగ్గానే చెప్పింది గదా."

పందికొక్కు తాను ముందే తవ్వుకున్న వెనక బొక్కలోంచి బయటపడింది. బతికింది అదొక్కటే కనక, గుట్టు చెప్పింది అదేనని లోకం ఇప్పటికీ ఆడిపోసుకుంటోంది. చిలకను అడిగితే "వడియాలు" అంటుంది తప్ప ఇంకో ముక్క చెప్పదు. కాస్త న్యాయం తెలిసినవాళ్లెవరైనా ఆ నింద మాపండి.