మూడు సెకన్లు

యాన్ షూదే జేబులోంచి భూతద్దం తీసి, గైడు మెడలో వేలాడుతున్న కార్డు పట్టుకున్నాడు.

“ఒక్క నిమిషం కదలకమ్మా.”

బస్సులో ఉన్న పద్దెనిమిది మందీ గొల్లున నవ్వారు. అందరూ దొంగ పత్రాలు, దొంగ సంతకాలు పట్టే నిపుణులే. సదస్సు కోసం షియాన్ వచ్చారు. పనంతా నిన్నటితో అయిపోయింది, ఇవాళ ఊరు చూడడం. వాళ్ళలో పెద్దవాడు యాన్. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క నకిలీ కూడా తన కళ్ళుగప్పి పోలేదని ఆయనకి మహా గర్వం.

కార్డు అసలుదే. ముద్ర అసలుదే. పేరు హ్వో సూచిన్. ఫొటోలో మొహం కాస్త బొద్దుగా ఉంది.

“చిక్కిపోయావేం?”

గైడు చెవికి తగిలించుకున్న మైకు సర్దుకుంది. ఒకటి, రెండు, మూడు సెకన్లు.

“తిరుగుడు ఉద్యోగం కదా మాస్టారూ” అంది.

ఇంత చిన్న ప్రశ్నకి అంత ఆలోచనా? అనుమానం అక్కడ మొదలైంది.

పొద్దున్నే సదస్సు వాళ్ళు యాన్ చేతికో కాగితం ఇచ్చారు. గైడు ఎలా ఉందో సాయంత్రానికి రాసివ్వాలి. “ఈవిడ మీద ఇప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి సార్. మూడోది పడితే కంపెనీ ఇంటికి పంపేస్తుంది. ఇద్దరు పిల్లల్ని ఒక్కతే పెంచుకుంటోంది. అయినా సరే, మీరు మొహమాటపడొద్దు” అన్నారు. మొహమాటమనేది ఆయన ఇంటా వంటా లేదు.

శిలాశాసనాల మ్యూజియంలో మొదటి ఉచ్చు పన్నాడు.

“గ్రంథాలు చెక్కిన ఈ రాళ్ళు మింగ్ రాజుల నాటివి కదూ?”

గైడు నేలకేసి చూసింది. మళ్ళీ మూడు సెకన్లు. “కాదండీ, అంతకన్నా పాత తాంగ్ రాజుల కాలానివి. భూకంపానికి విరిగితే అతికిన ముక్కలు మాత్రం మింగ్ నాటివి.”

జవాబు సరైనదే. యాన్‌కి అదీ నచ్చలేదు.

“చూశావా? ప్రతిదానికీ ఆగుతోంది” అని పక్కనున్న పాంగ్ చెవిలో ఊదాడు. పాంగ్ మాటకారులకి పేరుపడ్డ తియాంజిన్ ఊరి మనిషి. ఆవిడ నోరు ఊరుకోదు.

“ఆలోచించి చెప్తే తప్పా అన్నయ్యా? మా ఆయన్ని జీతమెంతని అడిగితే మూడు రోజులు ఆలోచిస్తాడు.”

“అబద్ధం ఉడకడానికి అంత సేపే పడుతుంది. ముప్ఫై ఏళ్ళు విన్నాను.”

కోటగోడ దగ్గర గైడు ఎడమకి నడిచి, ఆగి, అందర్నీ మళ్ళీ కుడికి తిప్పింది. రోజూ వచ్చే మనిషికి దారి తెలీదా? యాన్ అడగనే అడిగాడు.

“అటు జనం ఎక్కువగా ఉన్నారు మాస్టారూ.” ఈసారీ మూడు సెకన్లు పట్టింది. యాన్ గడియారం చూసి మరీ లెక్కపెట్టాడు.

మధ్యాహ్నం భోజనానికి బెల్టంత వెడల్పు నూడుల్స్ వచ్చాయి. “ఇంత వెడల్పున తెగకుండా ఎలా సాగదీస్తారే అమ్మాయ్?” అంది పాంగ్ జుర్రుకుంటూ.

“పిండిలో ఉప్పు పడాలక్కా. కలిపాక నూనె రాసి గంటైనా దాని మానాన వదిలెయ్యాలి. తర్వాత రెండు చివర్లూ పట్టుకుని బల్లకేసి బాదడమే! తెగిందంటే తప్పు పిండిది కాదు, మనకి తొందరెక్కువైందన్నమాట.”

యాన్ చేతిలో పుల్లలు ఆగిపోయాయి. ఈసారి అరక్షణం కూడా తడుముకోలేదు! తిండి గురించి గలగలా మాట్లాడే మనిషి చరిత్ర దగ్గరే ఎందుకు నోరు కట్టేసుకుంటోంది? తెలీనిది అక్కడికక్కడ కల్పిస్తోంది, అంతే. కాగితం తీసి ఆ మాటే రాయబోయాడు. ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. ఇంకొక్క పరీక్ష పెడదాంలే అనుకున్నాడు.

గంట మేడ మీద పెద్ద కంచు గంట వేలాడుతోంది. అందరూ ఫోన్లు ఎత్తారు.

“ఇది అసలు గంటే కదా? అవునని చెప్పు, సంతోషంగా ఫొటోలు తీసుకుంటాం” అన్నాడు యాన్.

గైడు మొహం పాలిపోయింది. మూడు సెకన్లు దాటాయి. ఐదయ్యాయి.

“కాదండీ. ఇది నకలు. అసలు గంట పొద్దున మనం వెళ్ళిన మ్యూజియంలోనే ఉంది. అక్కడ మీకు చూపించడం మర్చిపోయాను. తప్పు నాదే మాస్టారూ.”

ఎత్తిన ఫోన్లన్నీ కిందికి దిగాయి. యాన్ మాత్రం ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. నకలుని చేతిలో పెట్టుకుని ఇది నకలని తనంతట తాను ఒప్పుకున్న మనిషి ముప్ఫై ఏళ్ళలో ఒక్కరూ తగల్లేదు. పొద్దుటి నుంచీ ఈ పిల్లని అనుమానించినందుకు ఆయనకి సిగ్గేసింది.

బస్సు హోటల్ ముందు ఆగాక కాగితం నింపి, అందరికీ వినబడేలా చదివాడు.

“అబద్ధానికి తొందరెక్కువ. నిజం నిలకడ మీద తేలుతుంది. ఈ అమ్మాయి తెలిసిందే చెప్పాలని ప్రతి జవాబుకీ మూడు సెకన్లు ఆగింది. ఈ ఊళ్ళో నా భూతద్దానికి దొరికిన అసలు సరుకు ఈమె ఒక్కతే.”

కింద సంతకం పెట్టాడు. చప్పట్లు మోగాయి. “మా అన్నయ్య మెచ్చుకున్నాడంటే ఆ కాగితానికి ఫ్రేము కట్టించుకోవే అమ్మాయ్!” అంది పాంగ్. గైడు కళ్ళు తుడుచుకుంటూ అందరికీ వంగి దణ్ణం పెట్టింది.

ఆఖరి మనిషి హోటల్లోకి వెళ్ళేదాకా నిలబడి, తర్వాత సీట్లో కూలబడి, ఆమె మైకులో గుసగుసగా అంది: “సూచిన్ అక్కా, నీ ఉద్యోగం నిలిచింది, ఇంక నా చెవిలో జవాబులు చెప్పడం ఆపి ఆ విరిగిన కాలు చాపుకుని పడుకో.”