తోక తిప్పే కలాలు

“ఇది కూడా బాగలేదు,” అంటూ లింగమూర్తి నల్ల కలాన్ని మళ్ళీ డబ్బాలో పడేశాడు.

సక్కుబాయికి ఒళ్ళు మండిపోయింది. ఏడో నెల కడుపుతో హఫీజ్‌పేట స్టేషన్ దాకా ఎండలో నడిచొచ్చిన మనిషి కోపం ఎట్లా ఉంటుందో చెప్పాలా! మొగుడు ఆ స్టేషన్లోనే గుమస్తా. రజాకార్ల గొడవ సద్దుమణిగి, రైళ్ళు మళ్ళీ వేళకు నడుస్తున్న రోజులవి. కలాలమ్మే బాలనర్సయ్య రైలు దిగి ప్లాట్‌ఫారం బల్ల మీద డబ్బా తెరిచాడని తెలియగానే, కొంగు నడుముకు చుట్టుకుని బయలుదేరింది. ఇవాళ కలం కొనాల్సిందే. మొగుడు ఉత్తరం రాయాల్సిందే. వచ్చే రైలుకు అది టపా సంచిలో పడాల్సిందే.

“ఏమైందంట దానికి?”

“చూడరాదు, పాళీ కీలు కాడ ఎట్ల చెమట పడుతుందో. కాయితమంత మరకలైతది.”

బాలనర్సయ్య నొచ్చుకున్నాడు. “అది చెమట గాదు గుమస్తాసాబ్. సిరా తాపినంక మీరు మూతి తుడువలే. పోరడు పాలు తాగినంక మూతి తుడుస్తమా లేదా?” గుడ్డపేలికతో పాళీ తుడిచి చూపించాడు. చెమట ఆగింది. “దేశీ మాలు సాబ్! దొరల కలం ఒక్కటి కొనే పైసలల్ల ఇసొంటివి బుట్టెడొస్తయి. చుక్కచుక్క పోసే పరేషానే లేదు. సిరాబుడ్డిల మూతి ముంచు, తోక తిప్పు, గుటగుట తాగుతది.”

“తాగుడు బాగనే తాగుతది. పాళీ లావు. గీత దూలమోలె పడుతుంది.”

“సన్నది కావాల్నా? ఇగో, పచ్చ చారలది.”

లింగమూర్తి తోక తిప్పి సిరా పట్టాడు. పాత కాగితం వెనక నాలుగు సున్నాలు చుట్టి, మొహం చిట్లించాడు. “గీసుకుంటుంది.”

బాలనర్సయ్య ఆ పాళీని సిరాబుడ్డి గాజు మీద ఒకటికి రెండుసార్లు రుద్ది ఇచ్చాడు. “ఇప్పుడు సూడు, వెన్న!”

మళ్ళీ సున్నాలు. “మరీ జారుతుంది.”

“జారితే తప్పు, గీసుకుంటే తప్పు!” సక్కుబాయి నుదురు కొట్టుకుంది. “కలాన్ని చూస్తున్నవా, ఇంటికి కోడల్ని చూస్తున్నవా?”

బాలనర్సయ్య పక్కున నవ్వబోయి, గుమస్తా చూపు చూసి దగ్గుగా మార్చుకున్నాడు. డబ్బాలోంచి ఇటుకరంగు కలం తీసి ఇచ్చాడు. “ఇది గట్టి పిండం. చెమట పట్టది, గీసుకోదు, జారది.”

లింగమూర్తి తోక తిప్పబోయి ఆపేశాడు. “బిగుసుకపోయింది. వేళ్ళు నొస్తున్నయి.”

“కొత్తది సాబ్, లోపల బిరడా ఇంక అరగలే. తిప్పంగ తిప్పంగ వదులైతది.”

“ఇటు తే,” అని సక్కుబాయి కలం లాక్కుంది. ఒక్క పట్టు పట్టి తోక తిప్పింది. కలం సిరా తాగింది. అక్షరం ముక్క రాని మనిషి, ఆ కాగితం మీదే చుక్కలు పెట్టి, చకచకా గీతలు కలిపి గడపముగ్గు వేసేసింది. ఎక్కడా తెగలేదు, ఎక్కడా కక్కలేదు.

“చూసినవా? నా చేతిల నడిచింది. నీ చేతిల ఎందుకు నడువది?”

“ముగ్గు వేరు, ఉత్తరం వేరు. నీకు తెల్వదు ఊకో.”

“అవు, నాకేం తెలుసు! పొద్దుందాక స్టేషన్ల కాయితాలు నింపుతనే ఉంటవు గద. మామకు నాలుగు ముక్కలు రాయనీకె బంగారు పాళీ కావాల్నా? ఎనిమిదో నెల పడ్డదంటే నన్ను పొలిమేర దాటనియ్యరు. తొలిచూలు పురుడు పుట్టింట్ల గాక ఈడనా? జోగిపేటల ఉన్న మా నాయినకు రమ్మని ఎవరు చెప్పాలె, కాకులా?”

“గింతేనా చెల్లె?” బాలనర్సయ్య కాగితం ముందుకు లాక్కున్నాడు. “నువ్వు చెప్పు, నేను రాసిస్త.”

“నీ చెయ్యి పనికిరాదన్నా! తోలుకపొమ్మని అల్లుడు తన చేత్తోని రాయాలె. పరాయి రాత చూస్తే, అల్లునికి ఇష్టం లేదు, అడుగుబెట్టొద్దు అనుకుంటడు మా నాయిన. మా అక్కప్పుడు గట్లనే అలిగి కూసున్నడు.”

అవతల సిగ్నల్ చెయ్యి కిందికి వాలింది. బాలనర్సయ్య కలాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. సక్కుబాయి గొంతు ఒక్కసారిగా దిగిపోయింది.

“నిజం చెప్పు. మీ అమ్మ పంపొద్దన్నదా?”

“అయ్యో, గట్ల కాదే!”

“నీకే పంపబుద్ధి అయితలేదా?”

“ఒట్టు సక్కూ, గసొంటిదేం లేదు.”

“మరి రాయి!” ఇటుకరంగు కలం మొగుడి చేతిలో కుక్కి, కొత్త కాగితం ముందు పరిచింది. “ఇంకొక్క వంక పెట్టినవంటే నడుచుకుంటనే పోత జోగిపేటకు.”

లింగమూర్తి కలం పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. కాగితానికి ఆ కొస చూశాడు, ఈ కొస చూశాడు. పాళీ కొనన సిరా మెరిసి మెరిసి ఆరిపోయింది గానీ కాగితాన్ని మాత్రం తాకలేదు. దూరాన రైలు కూత వినబడింది. బాలనర్సయ్య అటు తిరిగి డబ్బా నెత్తికెత్తుకునేదాకా ఆగి, లింగమూర్తి పెళ్ళాం చెవి దగ్గరకు వంగి గుసగుసగా అడిగాడు:

“మా బడిల తెలుగు చెప్పనే లేదు సక్కూ... ఉర్దూల రాస్తే మీ నాయినకు సదువొస్తదా?”