ఏడేళ్ళు నిండిన వారందరికీ

మూడో ఫిర్యాదు కూడా అదే ఇంటి నుంచి వచ్చింది.

పిల్లలు ఏ ఆట ఆడొచ్చో, ఏది ఆడకూడదో తేల్చే ఆఫీసు అది. ఫిర్యాదు ఫోన్లో ఆడే ఒక కార్డులాట మీద. మూడుసార్లు వస్తే పరిశీలించి తీరాలని రూలు. పరిశీలకుడు ఉద్యోగంలో చేరి ఆరు నెలలే అయింది. ప్రతి కాగితాన్నీ చివరిదాకా చదివే అలవాటు ఇంకా పోలేదు.

ఆడేవారి పేరు రాయాల్సిన చోట, "రాయను, తెలిస్తే అందరూ నవ్వుతారు" అని ఉంది. దాని కింద అసలు గోడు.

పొద్దున స్కూలుకి టైమైపోతున్నా మంచం దిగదు. జడలు వేయడం, లంచ్ బాక్సు సర్దడం, హోంవర్కు చేయడం అన్నీ నేనే. అన్నం కలిపి నోట్లో పెడితే ఫోన్లోంచి తల ఎత్తకుండా తింటుంది. మొన్న ఫోను మాసిన బట్టల బుట్టలో దాచాను. వెక్కి వెక్కి ఏడ్చింది. చూడలేక మళ్ళీ నేనే తీసిచ్చాను. మీరైనా ఆపించండి.

పక్క సీటు అక్క కూడా చదివి పెదవి విరిచింది. "హోంవర్కు కూడా ఈవిడే చేసిపెడితే ఇక ఆ పిల్ల బాగుపడ్డట్టే."

పరిశీలకుడు నాలుగు రోజులు ఆ ఆట ఆడాడు. కార్డుల మీద పిట్టల బొమ్మలు. ఒకే రకం పిట్టలు రెండు కలిస్తే ఎగిరిపోతాయి. అంతే. నెత్తురు లేదు, బూతు లేదు, పందెం లేదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కబుర్లు లేవు. గెలిచినా ఓడినా తెర మీద ఒకటే మాట: ఇంకొక్క ఆట. నాలుగో రోజు అతను తల ఎత్తేసరికి ఆఫీసు ఖాళీ. ఊడ్చే ఆవిడ అతని కాళ్ళ చుట్టూ ఊడ్చుకుని వెళ్ళిపోయింది కూడా.

మర్నాడు సిగ్గు విడిచి ఆ సంగతి పై అధికారికి చెప్పాడు. ఆయన ప్రశ్నల కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"ఆరు గడులు. ఆరింట్లోనూ లేదు, లేదు అని నువ్వే రాశావు."

"ఆడటం మొదలుపెడితే ఆపలేకపోతున్నారు సార్. దానికి గడి లేదు."

"లేని గడికి నేనెక్కడ సంతకం పెట్టను నాయనా?"

ఉన్నచోటే పెట్టాడు. ఏడేళ్ళు నిండిన వారందరికీ తగినది.

ఆ ఇంటికి జవాబు పరిశీలకుడే రాశాడు. తల్లిగా మీ బాధ అర్థమైంది, పిల్లలకు తగినదా కాదా అని చూడటం వరకే మా పని, మన్నించండి అని రాసి, మనసొప్పక చివర, కావాలంటే వచ్చి కలవండని ఆఫీసు చిరునామా చేర్చాడు.

రెండు రోజుల తర్వాత, సాయంత్రం నాలుగున్నరకి, ఆ పిట్టల ఆట గురించి మీకోసం వచ్చారని వాచ్‌మన్ కబురు చెప్పాడు. ఏ ముక్కతో మొదలుపెట్టాలో ఆలోచించుకుంటూ అతను కౌంటరు దగ్గరికి నడిచాడు.

ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్న రెండు జడలతో, వీపు మీది స్కూలు బ్యాగు దించకుండానే, కౌంటరు అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచిన తొమ్మిదేళ్ళ పిల్ల అడిగింది: "అయితే సార్, అమ్మలకి తగినదో కాదో చూసేవాళ్ళు ఏ గదిలో ఉంటారు?"