గోడకు పెట్టిన గాజుపలక

"ఈ గోడ పక్కన పిలకాయలెంతమంది పడుకుంటారమ్మా?"

ఆ మాట వినగానే నాగులమ్మ ఉయ్యాల్లోని బిడ్డను తీసి రొమ్ముకు అదుముకుంది.

అడిగినవాడు ముసలాయన. బిట్రగుంట నుంచి వచ్చానన్నాడు. పేరు సమాధానమన్నాడు. చేతిలో సున్నపు గిన్నె, తాపీ. భుజాన గుడ్డసంచి.

నాగులమ్మ గుడిసెకు వెనకగోడ కోటగోడే. కోటపాళెంలో సగం ఇళ్ళు అంతే. రాజులు పోయారు, దొరలు పోయారు. సముద్రం వైపు గోడ మాత్రం మిగిలింది. చేపలు పట్టేవాళ్ళు దానికి ఆనించి గుడిసెలు వేసుకున్నారు.

ఆ గోడ కథ తెలియని పిల్ల కోటలో లేదు. కట్టింది కట్టినట్టే కూలిపోతుంటే, బాలింతనూ బిడ్డనూ లోపల పెట్టి కట్టారట. అప్పుడు నిలిచిందట. ఇప్పటికీ పురిటి స్నానం చేసిన ప్రతి తల్లీ ముందు ఆ గోడకే పాలు పోస్తుంది, నా బిడ్డను మాత్రం అడగొద్దని.

నాగులమ్మ పాలు పోసి ఇంకా నెల కాలేదు.

"ఎందుకడగతా ఉండావు?" అంది.

"గోడ పగిలుండాది తల్లీ. ఒక పలక అంటించి పోతా."

వద్దనేలోగా లోపలికి వంగి వచ్చాడు. పగులుకు అడ్డంగా బెత్తెడు గాజుపలక పెట్టి, రెండు కొసలా సున్నంతో అతికించాడు. పక్కన బొగ్గుతో 12-11-62 అని తేదీ రాశాడు.

"బిడ్డకెన్ని నెలలు?" అన్నాడు, సంచిలోంచి కాగితం తీస్తూ.

అంతే.

"అత్తా! గోడకు బిడ్డనడగతా ఉండాడు!"

అత్త అంకాలమ్మ పరుగెత్తుకొచ్చింది. మొగుడు చిన్నపోలయ్య వల వదిలేసి తెడ్డుతో వచ్చాడు. పాళెమంతా వెనకే వచ్చింది.

"బలికి పిలకాయల్ని లెక్కపెట్టుకునేదానికొచ్చినావంట్రా? నీకింకో ఊరు దొరకలేదా?" అంటూ చిన్నపోలయ్య తెడ్డెత్తాడు.

"అది కాదయ్యా, నేను చెప్పేది ఇనండి. ఈ పలక..."

తెడ్డు ముసలాయన ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు విని నాగులమ్మ బిడ్డ చెవులు మూసింది.

ఆయన్ను వీధి వెంట ఈడ్చుకుపోయారు.

"దక్షిణం వాకిట్లోంచి తొయ్యండ్రా, పెండ్లికొడుకును!" అని ఎవరో నవ్వారు. కోటలోంచి శవాలు పోయేది ఆ వాకిట్లోంచే.

పలకను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మంత్రించిందేమోనని భయం.

ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున చూస్తే పలక నడిమికి చీలి ఉంది.

"అత్తా, అద్దం పగిలింది!"

అంకాలమ్మ చేతులు జోడించింది. "చూసినావా మే! గోడలో తల్లి వాడి మంత్రాన్ని తునకలు చేసింది. ఆమె కాచుకోనుంటే ఇంక బయమేంది?"

నాగులమ్మ పగిలిన పలకకు పసుపు రాసింది. ఆ తల్లి నీడ తగలాలని ఉయ్యాలను గోడ దగ్గరికి జరిపి కట్టింది. బిడ్డ నిద్రపోయాక, మూడు రోజుల్లో మొదటిసారి గుండెదడ లేకుండా బిందె తీసుకుని బావికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి, గుడిసె ఉండాల్సిన చోట సముద్రం కనిపిస్తోంది.

రాళ్ళ కింద నుంచి బిడ్డను తీసేసరికి పొద్దు వాలింది.

మర్నాడు ఒక పెద్దామె వానలో తడుస్తూ వచ్చింది. రాళ్ళగుట్ట ముందు కూర్చున్న నాగులమ్మనే అడిగింది.

"అమ్మా, గోడకానుకోని పసిబిడ్డతో ఉండే తల్లి ఎవురు? నా పేరు రెబెక్కమ్మ. మా ఆయన సమాధానం చెయ్యిరిగి మంచంలో ఉండాడు. ఆ పలక పగిలితే గోడ కదిలినట్టంట. రైలు వంతెనలకు ఆయన చేసిన పనే అది. పగలకముందే ఆ తల్లినీ బిడ్డనూ మా ఇంటికి పిల్చకరమ్మని ఒకటే పోరు."



పక్కనున్న అంకాలమ్మ అడిగింది. "ఆయన్నెవురు పంపించినారు?"

"ఎవురు పంపిస్తారమ్మా? ఇట్టాంటి గోడ కిందే మా ఒక్క బిడ్డా పోయినాడు, అప్పట్నుంచీ యాడ పాతగోడ ఉందని విన్నా గాజుపలకలు కోసుకోని తనే పోతాడు."