ఇరవై రెండు కేజీలు

"పాప ఎన్ని కేజీలుంటుందండీ, అమ్మగారూ?"

మాణిక్యాంబ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

అరవయ్యేళ్ళ మనిషి. చొక్కా నిండా నిప్పురవ్వలు పడి కాలిన చిల్లులు. కళ్ళు మాత్రం వీల్‌చెయిర్లో పసుపు గౌనులో కూర్చున్న మనవరాలు హేమశ్రీ మీదే ఉన్నాయి.

"ఏం, తూకానికి కొంటావా?" అంది.

"అయ్యో, అది కాదండి. అటు వెనకాల..."

"వెనకాలా లేదు, ముందరా లేదు. పసిపిల్ల బరువు అడుగుతారటయ్యా ఎవరైనా?"

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. హేమశ్రీని తల నుంచి కాళ్ళ దాకా ఒక్కసారి చూశాడు. పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకున్నాడు. వెళ్ళిపోయాడు.

మాణిక్యాంబకి ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఇల్లు కదిలితే చేతిసంచిలో కళ్ళుప్పు పొట్లం ఉండాల్సిందే. గుప్పెడు తీసి, అంతమంది జనంలోనూ మనవరాలి చుట్టూ మూడుసార్లు తిప్పింది.

"ఏంటమ్మా, ఇక్కడ కూడానా?" అన్నాడు కొడుకు గణేష్‌బాబు.

"నువ్వూరుకో. మొన్న ఆస్పత్రిలో ఆ నర్సు ఇరవై రెండు కేజీలని అందరిముందూ అరిచిందా? సాయంత్రానికల్లా జ్వరం తగల్లేదూ?"

"ఆవిడ కళ్ళజోడు పెట్టుకుందిగా. దిష్టి దాటి రాదులే."

మాణిక్యాంబ నవ్వలేదు.

ఆ రోజు హేమశ్రీకి పదో పుట్టినరోజు. పుట్టినప్పటి నుంచి కాళ్ళూ చేతులూ మాట వినవు, నోట మాటా సరిగా రాదు. టీవీలో రంగులరాట్నం తిరిగితే మాత్రం ఒళ్ళంతా ఊపేస్తుంది. "ఈసారి నిన్ను ఎక్కించే తీసుకొస్తానే తల్లీ" అని దేవుడి గదిలో దీపం ముందు మాటిచ్చింది నాయనమ్మ. అందుకే మొగల్తూరు నుంచి కారు మాట్లాడుకుని రాజమండ్రి దాటి ఈ పార్కుకి వచ్చారు.

జెయింట్ వీల్ దగ్గర, "రూల్ ఒప్పుకోదండి" అన్నారు.

కప్పు సాసర్ల దగ్గర, "తనంతట తాను పట్టుకుని కూర్చోవాలండి" అన్నారు.

బొమ్మ రైలు అతనైతే ఏమీ అనకుండా గొలుసు అడ్డంగా వేసేశాడు.

ఎక్కడికెళ్ళినా హేమశ్రీ మెడ ఎత్తి చూడటం, కుర్చీ వెనక్కి తిప్పగానే తల వాల్చేయడం. మాణిక్యాంబ అది చూడలేకపోయింది. మాటిచ్చింది తను. దీపం ముందు నిలబడి ఇచ్చింది.

"ఉండమ్మా, ఆఫీసులో అడిగొస్తాను" అని గణేష్‌బాబు వెళ్ళాడు.

ఆవిడ కుర్చీని నీడలో ఆపి, నాలుగడుగుల్లో ఉన్న కుళాయి దగ్గర సీసా నింపుకుని వచ్చేసరికి ఆ కాలిన చొక్కా మనిషి మళ్ళీ అక్కడే ఉన్నాడు. కుర్చీ ముందు గొంతుక్కూర్చుని పాపతో ఏదో అంటున్నాడు.

పాప మెలికలు తిరిగిపోతోంది. "ఊ... యా... ఊ... యా..." అని గట్టిగా అరుస్తోంది.

ఆ అరుపు మాణిక్యాంబ ఎన్నడూ వినలేదు.

"ఏం చేశావయ్యా పిల్లని? సెక్యూరిటీ! ఎవరండీ అక్కడ?"

జయపాల్ అనే కొత్త గార్డు పరుగెత్తుకొచ్చాడు.

"పొద్దుట్నుంచీ పిల్ల మీద కళ్ళేసుకుని తిరుగుతున్నాడండీ. దడుచుకుంటోంది చూడండి!"

"చేతికి బ్యాండ్ ఏదయ్యా?" అన్నాడు జయపాల్.

"లేదు బాబూ, నేను..."

"టికెట్ లేకుండా దూరావా? నడు."

ఆయన వాదించలేదు. "నా పని అయిపోయిందిలెండి. కాసేపు చూసి పోదామనుకున్నాను" అన్నాడు.

"చూశావుగా తనివితీరా! ఇంక పో!" అంది మాణిక్యాంబ.

గేటు దాకా వెళ్ళి కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

గణేష్‌బాబు వగరుస్తూ వచ్చాడు. "అమ్మా, వెనకాల కొత్తది ఏదో పెట్టారంట. మన హేమ కోసమే అన్నట్టుందంట. రా!"

చివర వేపచెట్ల మధ్య పెద్ద ఇనప ఉయ్యాల. కూర్చునే బల్ల లేదు, గచ్చులాంటి రేకు ఉంది. అక్కడి అమ్మాయి సాయిదుర్గ కుర్చీని కుర్చీగానే దాని మీదికి ఎక్కించి, చక్రాలు బిగించి, తాడు లాగింది.

ఉయ్యాల కదిలింది. కుదుపు లేదు. గోదావరి మీద పడవలా పోయి వచ్చింది.

హేమశ్రీ ఆకాశం వైపు నోరు తెరిచింది. "ఊ... యా... ల!"

మాణిక్యాంబ కొయ్యబారిపోయింది. ఇందాక పాప అరిచింది ఇదే మాట. ఎవరో అప్పుడే నేర్పిన మాట.

ఉయ్యాల వెనక దొంతరగా పేర్చిన ఇనప బిళ్ళల మీద సుద్దముక్కతో ఏదో రాసి ఉంది. దగ్గరికెళ్ళి చూసింది. 22.

"ఇదేంటమ్మా?"

"పాప బరువండి. దానికి సరిపడా బిళ్ళలు వెయ్యకపోతే ఒళ్ళు కుదిపేస్తుందండి. పసుపు గౌను పాప వస్తుంది, ఇరవై రెండు అని మా మేస్త్రి గారు ఇందాకే వేసి ఉంచారు."

"తూచకుండానే?"

"కూతుర్ని పదకొండేళ్ళు చేతుల మీదే మోశారండి. ఆయన చూశారంటే కాటా అక్కర్లేదు."

మాణిక్యాంబ ఆ అంకె మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. "ఆ కూతురేది?"

సాయిదుర్గ తలెత్తి పైనున్న రేకు బోర్డు చూపించింది. 'పాపాయి ఉయ్యాల'.

"ఇది పూర్తవకముందే పోయిందండి."

పాప ఊగడం అయ్యాక మళ్ళీ దిష్టి తీద్దామని గుప్పిట్లో పట్టుకున్న ఉప్పు చెమటకి కరిగి మాణిక్యాంబ వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

"ఇవాళే తెరిచామండి, మీ పాపే మొదలు" అంటూ సాయిదుర్గ తాడు లాగుతూనే గేటు వైపు చూసింది. "మొదటి పిల్ల ఊగుతుంటే కళ్ళారా చూసి వెళ్తానని పొద్దుట్నుంచీ కాసుక్కూర్చున్నారు పాపాయి నాన్న, ఎటెళ్ళారో... మీకేమైనా కనిపించారాండీ?"